వెనక నేనున్నానన్న మనిషి

బోర సింహాచలం మేస్త్రి గారు పరమపదించారన్న వార్త నాకు ఎవరూ చెప్పలేదు. నేనే పదిమందికి చెప్పవలసి వచ్చింది. ఆ ఆదివారం ఉదయం ఆసుపత్రి వరండాలో, చెమట ఆరని బట్టలతోనే నిలబడి, విజయనగరంలోని ఆయన తమ్ముడికీ, విశాఖలోని కూతురికీ, కిరండూల్‌లో ఆయనతో పనిచేసినవారికీ ఫోన్లు చేశాను. "మేస్త్రి గారు పోయారు" అని ప్రతిసారీ ఒకే గొంతుతో చెప్పాను, బడిలో హాజరు పిలిచినట్టు. అవతలివాళ్లు ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. పన్నెండు రోజులైంది, ఇంకా రాలేదు. రోజూ బడికి వెళ్తున్నాను, లెక్కలు చెబుతున్నాను, వండుకుని తింటున్నాను. ఏం తిన్నానో మాత్రం సాయంత్రానికి గుర్తుండటం లేదు.

మన తెలుగువాళ్ల పత్రిక వాళ్లు ఈ సంచికకు ఆయన గురించి రాయమంటే మొదట కుదరదన్నాను. సంస్మరణ వ్యాసాలంటే నాకు చిరాకు. వాటిలో పోయినవారందరూ అజాతశత్రువులే, అందరూ మృదుభాషులే. మేస్త్రి గారు మృదుభాషి అని రాస్తే మా జగదల్‌పూర్‌లో తెలుగు తెలిసినవాళ్లంతా పకపకా నవ్వుతారు. ఆయనకు శత్రువులూ ఉన్నారు. ఇద్దరిని నేనెరుగుదును. ఒకరు మా పరుగు దారిలో పొద్దున్నే కుక్కల్ని విప్పి వదిలే కాంట్రాక్టరు, రెండోవారు ఆయన స్వయానా బావమరిది. అయినా చివరికి రాయడానికే కూర్చున్నాను. రాయకపోతే ఒక సంగతి దాచినదాన్నవుతాను.

విజయనగరం జిల్లాలోని ఒక మెట్టపల్లెలో పుట్టి, మీసం సరిగా రాకముందే రైల్వేలో చేరి, కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సాగే ఆ కొండల మార్గంలో పట్టాలు సరిచేసే గ్యాంగుకు కూలీగా మొదలై మేస్త్రిగా ఎదిగిన కర్మజీవి ఆయన. ఉద్యోగ విరమణ తర్వాత సొంతూరు వెళ్లిపోతారని అందరం అనుకున్నాం. వెళ్లలేదు. "అక్కడ నన్నెవలు గుర్తుపడతారమ్మా? ఇక్కడైతే కొండలు కూడా గుర్తుపడతాయి" అనేవారు. నలభై ఏళ్లు రోజూ పట్టాల వెంబడి నడిచిన కాళ్లు ఇంట్లో కుదురుగా ఉండలేక, పొద్దున్నే చిత్రకూట్ రోడ్డు పట్టేవి.

అదే రోడ్డు మీద డాక్టరు మాట ప్రకారం నేనూ నడుస్తుండేదాన్ని. నాకు నలభై ఏడేళ్లు, ఒంట్లో చక్కెర, మోకాళ్లలో బద్ధకం. ఒకనాడు ఆయన నన్ను దాటి నాలుగడుగులు వెళ్లి, వెనక్కి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. "టీచరమ్మా, ఇదేటి నడక? సంతలో వంకాయలు బేరమాడినట్టుంది! సుగరు ఒంట్లో ఉందా, కాళ్లలో ఉందా?" అన్నారు. పరిచయం కూడా లేని మనిషి! నాకు ఒళ్లు మండి గట్టిగా నడిచాను. మర్నాడు ఇంకా గట్టిగా నడిచాను. ఆ మంటే నెల తిరిగేసరికి పరుగైంది.

అలా ఇద్దరితో మొదలైన బృందం పదకొండు మందికి పెరిగింది. ఆటో నడిపే సుఖ్‌దేవ్ వచ్చాడు, కాలేజీలో చదువుకునే జానకి వచ్చింది. మిగిలినవాళ్లలో హిందీ వాళ్లున్నారు, ఇక్కడి హల్బీ భాష వాళ్లున్నారు. అందరినీ మేస్త్రి గారు ఉత్తరాంధ్ర తెలుగులోనే తిట్టేవారు. అర్థం కాలేదని ఎవరూ ఫిర్యాదు చేయలేదు. నిరుడు, ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు పందెం ఇక్కడే జరుగుతుందని తెలిసినప్పుడు అందరి పేర్లూ ఆయనే ఇచ్చేసి వచ్చారు. మూడు గంటల్లోపు ముగింపు గీత దాటాలి. దాటకపోతే పేరు రాసుకోరు. "నా వల్ల కాదు మేస్త్రి గారూ" అన్నాను. "నీ వల్ల కాదు, నా వల్లవుద్ది. నిన్ను తోలుకొచ్చే పూచీ నాది" అన్నారు.

జానకిది సరిహద్దు అడవుల్లో, తెలుగు మాట్లాడే పామేడు పక్క ఊరు. మాలో అందరికంటే వేగం దానిదే. ఒక వానాకాలం నాట్లకని ఇంటికెళ్లి నెల దాటినా తిరిగి రాలేదు. మేస్త్రి గారు ఎవరికీ చెప్పకుండా మా పక్క జిల్లా బీజాపూర్‌కు బస్సెక్కి, అక్కడినుంచి జీపులో వెళ్లగలిగినంత దూరం వెళ్లి, తర్వాత బురదలో నడిచి వాళ్లింటికి చేరారట. దాని తండ్రి, "ఉరికితే ఏమొస్తది సార్? పొలం పని ఎవలు చేస్తరు?" అని అడిగాడట. "నాను సేస్తాను, దాన్ని పంపించండి" అని ఈయన పంచె ఎగగట్టి మడిలో దిగిపోయారట. జానకిని మర్నాడే జీపెక్కించి, తను నాలుగు రోజులుండి నాట్లు పూర్తిచేసి వచ్చారు. ఇదంతా జానకి చెబితే తెలిసింది. ఆయన్ని అడిగితే, "సేపల కూర బాగా ఎట్టారు" అని మాత్రం అన్నారు.

ఆయన స్థానం ఎప్పుడూ అందరికంటే వెనక. అది మా బృంద ధర్మం. ముందు జానకి, మధ్యలో మిగిలినవాళ్లు, చిట్టచివర నేను, నా వెనక పది అడుగుల దూరంలో ఆయన. "ఏంది తాతా, ఎప్పుడు ఎనకనే ఉంటవ్? నీకు ఉరుకుడు రాదా ఏంది?" అని జానకి ఆటపట్టించేది. "నాను ముందుకొచ్చెస్తే మీ టీచరమ్మ ఏ సెట్టు కిందో కూకుండిపోతాదే!" అనేవారు. అది నిజం కూడా. పన్నెండో కిలోమీటరు దాటాక నా కాళ్లు మొరాయిస్తే, వెనకనుంచి ఎండునెత్తళ్లు వంకాయలో ఎలా వేయాలో చెబుతూ వచ్చేవారు. చింతపండు ఎంత అని నేను అడిగేలోపు ఒక కిలోమీటరు గడిచిపోయేది.

ఆయన పెట్టిన నియమం ఒకటే ఒకటి. పరుగులో ఎవరూ వెనక్కి చూడకూడదు. అది ఆయన వృత్తి నేర్పిన పాఠం. గ్యాంగు పట్టాల మీద పనిచేస్తున్నప్పుడు ఒకడు దూరంగా నిలబడి రైలు వస్తోందా అని కనిపెట్టి ఉంటాడు. రైలు కనబడితే ఈల ఊదుతాడు. మిగిలినవాళ్లు తలెత్తకూడదు. "బండి వొచ్చెస్తాదేమోనని గడిగడికీ తలెత్తినోడు సుత్తి కాలి మీదే ఏసుకుంతాడు. సూడ్డానికి ఒకడున్నాడు కదా! ఆడు ఊదినప్పుడు పక్కకి దూకు. అందాకా నీ పని నువ్వు సెయ్యి" అనేవారు. తన గ్యాంగులో ఒక్క మనిషికీ రైలు తగలలేదన్నది ఆయన ఏకైక గర్వం. ఆ ఈలే చొక్కా జేబులో వేసుకుని మా వెనక వచ్చేవారు. "ఎనకాల నానున్నాను. ఈల ఇనపడేదాకా ఎవలూ మెడ తిప్పకండి." ఆ మాట మీద మేం మూడేళ్లు నిశ్చింతగా పరుగెత్తాం. ఆయన వెనక ఎవరున్నారని మాలో ఒక్కరికీ తోచలేదు. లెక్కలు చెప్పేదాన్ని, నాకూ తోచలేదు.

పందేనికి ఇక రెండు వారాలుంది. ఆ ఆదివారం పద్దెనిమిది కిలోమీటర్ల సాధన. ఇప్పపూల కాలం కావడంతో తెల్లవారేసరికే చెట్ల కింద ఆడవాళ్లు బుట్టలతో కూర్చుని పూలు ఏరుతున్నారు. మేం కనబడితే వాళ్లకు వినోదం. "పారిపో బాయీ, పులి వస్తోంది!" అని హల్బీలో కేకలు వేసేవారు. మేం చెయ్యి ఊపి వెళ్లేవాళ్లం. ప్రతి ఆదివారం జరిగేదే.

ఆ రోజు నా కాళ్లకు ఏమైందో, ఎన్నడూ లేనంత తేలికయ్యాయి. పదిహేనో కిలోమీటరు దగ్గర వెనక అడుగుల చప్పుడు దూరమైంది. కాసేపటికి వినబడలేదు. మేస్త్రి గారిని వెనక వదిలేశాను, ఈ మాట పెద్దాయనకు ఏడాది పొడుగునా చెప్పి ఏడిపించాలి అనుకున్నాను. అంతలో వెనకనుంచి ఒక ఆడమనిషి కేక వేసింది. రెండోసారీ వేసింది. అలవాటైన వేళాకోళమే అనుకున్నాను. మెడ తిప్పకుండానే చెయ్యెత్తి ఊపాను.

నియమం కాబట్టి చూడలేదని అందరికీ చెప్పాను. అది సగమే నిజం. వెనక్కి చూస్తే వేగం తగ్గుతుందని చూడలేదు. నా గెలుపును నేను పాడుచేసుకోదలచుకోలేదు.

గమ్యం చేరాక పైడమ్మ పిన్ని, అంటే మేస్త్రి గారి భార్య, పంపిన మండియా పేజ్ గ్లాసుల్లో పోసుకున్నాం. మన చోడి అంబలే, అంటే రాగి అంబలే అది, ఇక్కడి పేరు వేరు. "ఇవాళ మేస్త్రి గారిని ఓడించాను" అని అందరికీ చాటాను. చప్పట్లు కొట్టారు. రెండో గ్లాసు తాగుతుంటే సుఖ్‌దేవ్ రోడ్డు వైపు చూసి, "మేడమ్, దాదా కహాఁ రహ్ గయే?" అన్నాడు, పెద్దాయన ఎక్కడ ఉండిపోయారని. అప్పటికి పావుగంట దాటింది. ఆటో తీసుకుని వెనక్కి వెళ్లాం.

కల్వర్టు గోడకు ఆయన్ని ఆనించి కూర్చోబెట్టి, పూలు ఏరే ఆమె తల పట్టుకుని ఉంది. పక్కన నీళ్ల చెంబు ఉంది. "పిలిచాను బాయీ, నువ్వు చెయ్యి ఊపావు" అంది నాతో. నిష్ఠూరంగా కాదు, జరిగింది చెప్పింది అంతే. మేం చేరేసరికి మేస్త్రి గారి కళ్లు తెరిచే ఉన్నాయి. ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు. గుండెపోటు అన్నారు. ముందే తెస్తే బతికేవారా అని అడిగాను. "చెప్పలేం" అన్నాడు డాక్టరు. ఈల జేబులోనే ఉంది. ఆయన ఊదలేదు.

మరుసటి ఆదివారం బృందం కలిసింది. పందెం మానేద్దామన్నారు కొందరు. జానకి ఒప్పుకోలేదు. "మానేస్తే తాత తిడ్తడు. ఉరుకుదం. కానీ ఎనకకు చూస్కుంట ఉరుకుదం. కిలోమీటరు రాయి కాడ అందరం ఆగి లెక్క చూస్కుందం" అంది. అలాగే పరుగెత్తాం. అబ్బే, అదొక పరుగా! ఒకరు ఆగితే ఇంకొకరు గుద్దుకున్నారు, ఇద్దరికి మెడలు పట్టేశాయి, సుఖ్‌దేవ్ గోతిలో కాలు పెట్టాడు. మామూలుకంటే అరగంట ఆలస్యంగా చేరాం. ఆయన పద్ధతే మంచిది. కాని ఆ పద్ధతికి ఆయన కావాలి. చివరన పరుగెత్తడానికి మాలో ఎవరూ ముందుకు రాలేదు. నేనూ రాలేదు. అందరికీ గీత దాటాలనే ఉంది. మూడేళ్లపాటు ఆయన మాకోసం వదులుకున్నదేమిటో నాకు ఆరోజు తెలిసింది. ఇటువంటి మనిషి మాకు మళ్లీ దొరకడు. ఇది మర్యాదకు రాస్తున్న మాట కాదు.

నిన్న పెద్దకర్మ. భోజనాలయ్యాక పిన్ని వంటింట్లో ఒంటరిగా ఉంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆ కేక సంగతి, చెయ్యి ఊపిన సంగతి, గెలుపు సంగతి అన్నీ చెప్పాను. ఆమె పళ్లెం కడగడం ఆపలేదు. కడిగి బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకున్నారు.

"ఈల జేబులోనే ఉందట కదమ్మా. ఊదితే మీరందరూ ఆగిపోతారని ఊదుండరు. ఆ మనిషి తీరే అంత" అన్నారు. క్షమించేశారనుకున్నాను. నా గుండె కాస్త కుదుటపడుతుండగానే నా మొహంలోకి చూసి, "అయినా నువ్వొకపాలి ఎనక్కి సూసుంటే బాగుణ్నమ్మా" అన్నారు.

అవును పిన్నీ అన్నాను. ఆమె నాకు డబ్బాలో అన్నం, పప్పు సర్ది ఇచ్చారు.

ఈ సంచిక మీ చేతికందేసరికి ఆ పందెం ముగిసిపోయి ఉంటుంది. మేస్త్రి గారూ, మీకు నా నమస్కారం. మిమ్మల్ని క్షమాపణ అడగను. ఒప్పుకోవలసినవారి ముందు ఒప్పుకున్నాను, పిన్ని నిజమే చెప్పారు. జానకి ముందు వెళ్తుంది, గెలుస్తుంది కూడా. చివరన నేనుంటాను. మీరు వద్దన్న పనే చేస్తాను, ప్రతి రాయి దగ్గరా ఆగి వెనక్కి చూస్తాను. మూడు గంటలు దాటిపోతే దాటిపోనివ్వండి, నా పేరు రాసుకోకపోతే మాననివ్వండి.