మైకు కొనుక్కున్న వాచీ

వీధిలో అందరూ ఆమెను మైకు అనేవాళ్ళు. చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో రెండు చెవులూ పోయాయి. అప్పటికే మాటలు వచ్చేశాయి కాబట్టి మాట మిగిలింది, కానీ తన గొంతు తనకు వినపడదు. దాంతో పక్కనున్న మనిషికి చెప్పాల్సింది వీధి చివరిదాకా చెప్పేది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకునేది. ఇంట్లో ఎవరైనా నచ్చని సంగతి ఎత్తితే ఠక్కున కళ్ళు మూసుకునేది. ఇక ఆమెతో వాదించడం ఎవరి తరం?

కట్టుడు పళ్ళు తయారుచేసే చిన్న ల్యాబ్‌లో ఆమె పని. అచ్చులోంచి తీసిన పళ్ళ సెట్లను తిరిగే బ్రష్షుకు ఆనించి నున్నగా మెరుగు పెట్టాలి. ముక్కుకు గుడ్డ, ఒళ్ళంతా గులాబీరంగు పొడి. "రోజంతా నా ముందు నోళ్ళే. ఒక్కటీ మాట్లాడి చావదు" అని నవ్వేది. ఆ పనిలో పైకి రావాలంటే టెక్నీషియన్ కోర్సు చదవాలి. కోర్సులో సీటు రావాలంటే ఎంట్రన్స్ పరీక్ష రాయాలి.

మొదటిసారి రాసినప్పుడు హాల్లో గడియారం ఆమె వెనకవైపు గోడకు ఉంది. మధ్యమధ్య బెల్లు కొట్టారు. ఇంకెంత టైముందో తలుపు దగ్గర నిలబడి ఎవరో చెప్పారు కూడా. తలొంచుకుని రాస్తున్న ఆమెకు అవేవీ చేరలేదు. చివరి పేజీ తిప్పబోతుండగా చేతికిందనుంచి కాగితం లాగేశారు. తలెత్తి చూస్తే హాలు సగం ఖాళీ.

ఆ సాయంత్రం బాబాయి మెల్లగా అన్నాడు. "పోనీలేమ్మా. చేతిలో పనుంది కదా. మనకెందుకీ పరీక్షలు?"

"మనకా? రాసింది నేనొక్కదాన్నే కదా బాబాయ్!"

పక్కింటివాళ్ళ కిటికీ తెరుచుకుంది.

"అది కాదే, నీ మంచికే..." అని ఆయన మొదలుపెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

మర్నాడే మళ్ళీ పుస్తకాలు తీసింది. తర్వాతి పరీక్ష దగ్గరపడేసరికి బాబాయే మెత్తబడి తన స్మార్ట్ వాచీ విప్పి ఇవ్వబోయాడు. టైమైతే చేతిమీద జివ్వుమంటుందన్నాడు. తీరా హాల్ టికెట్ చూస్తే అలాంటివి తేకూడదని ఉంది. ముళ్ళున్న మామూలు వాచీ అయితే పరవాలేదట. సరే, అమ్మను వెంటబెట్టుకుని వాచీల షాపుకు వెళ్ళింది.

ఆమె పలకరింపు వినగానే షాపాయనకు సంగతి అర్థమైంది. అంతే, మొహం అమ్మవైపు తిప్పేశాడు. "అమ్మాయికి ఎలాంటిది కావాలటండీ?"

"నన్నడగండి. చెయ్యి నాది."

షాపాయన ఉలిక్కిపడి, సన్నటి బంగారురంగు వాచీ ముందు పెట్టాడు. లోపల అంకెలే లేవు, నాలుగు మెరిసే చుక్కలున్నాయి.

"టైమెక్కడుంది ఇందులో?"

"ఇది ఫ్యాషనమ్మా."

"నేను పెళ్ళికి వెళ్ళట్లేదు."

ఇంకోటి తీశాడు. "ఇది చూడండి, అస్సలు చప్పుడు చెయ్యదు."

"నాకు ఏదీ చప్పుడు చెయ్యదండీ!"

అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేసింది. షాపాయనకు కూడా నవ్వాగలేదు. ఆ తర్వాత మర్యాదగా ఆమెవైపే తిరిగి మాట్లాడాడు.

ఆమె ఒక్కోటీ ఎడమచేతికి, మణికట్టు లోపలివైపుకు పెట్టుకుంది. కౌంటర్ మీదకు వంగి, కుడిచేత్తో ఉత్తుత్తినే రాస్తూ, తల ఎత్తకుండా కళ్ళు మాత్రం పక్కకు తిప్పి చూసింది. ఒకదాని అద్దం మీద పైన లైటు తళుక్కుమంటోంది. ఇంకోదాంట్లో ముళ్ళు రెండూ ఒకే పొడవు, ఏది ఏదో తేలదు. చివరికి అద్దాల బీరువా మూలనున్న పెద్ద నల్లటి వాచీ చూపించమంది. తెల్లటి అంకెలు, నిమిషానికో గీత. డయలు చుట్టూ చేత్తో తిప్పే చక్రం, దానిమీద ఎర్రటి గుర్తు. పరీక్ష ఎప్పుడయిపోతుందో అక్కడికి ఆ గుర్తు తిప్పిపెట్టుకుంటే చాలు. చివరి గంటలో పెద్దముల్లు దాన్ని చేరేదాకా టైము ఆమెదే.

"అది మగవాళ్ళదమ్మా. నీళ్ళలోకి దిగే ఈతగాళ్ళు పెట్టుకుంటారు."

"నేనూ మునగకూడదనేగా కొంటున్నది?"

అమ్మకూ అది నచ్చలేదు. "చేతికి డబ్బాలా ఉందే" అని గొణిగింది. మైకు వినిపించుకోలేదు. షాపాయన బెల్టుకు రెండు బెజ్జాలు అదనంగా కొట్టి ఇచ్చాడు.

పరీక్షరోజు గేటు దగ్గర తనిఖీ చేసేవాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "వాచీ తీసెయ్యి. లోపల బెల్లు కొడతారు."

"ఎవరికి?" అందామె. హాల్ టికెట్ మీద మామూలు వాచీ తేవచ్చని ఉన్నచోట వేలు పెట్టి చూపించింది. వాడు అది చూడకుండానే ఇంకా ఏదో చెప్పబోయాడు. మైకు కళ్ళు మూసుకుని గేటు మధ్యలో నిలబడిపోయింది. వెనక లైను పెరిగిపోయింది. గోల విని చీఫ్ సూపరింటెండెంట్ మేడమ్ వచ్చి, వాచీని అటూ ఇటూ తిప్పి చూసి, "మామూలుదే, పంపించండి" అంది.

లోపల మైకు ఎర్రగుర్తు సరిచేసుకుని రాయడం మొదలుపెట్టింది. చివరి పేజీలో ఉండగా చేతిపక్కన నీడ పడింది. హాల్లో ఉన్న సారు ఆమె కాగితం పట్టుకున్నాడు. చుట్టూ అందరూ పెన్నులు దించేసి కూర్చున్నారు. బెల్లు కొట్టేశారన్నమాట. వెంటనే మణికట్టు చూసుకుంది. ముల్లు ఇంకా గుర్తుకు ఇవతలే ఉంది.

మోచెయ్యి కాగితం మీద బలంగా ఆనించింది. "ఇవ్వను! ఇంకా పది నిమిషాలుంది!"

"బెల్లు వినపడలేదా?"

"లేదు! టైము మాత్రం కనపడుతోంది! వెనక గడియారం చూడండి!"

ఆ అరుపుకు కారిడార్‌లోంచి మేడమ్ పరుగున వచ్చింది. గోడగడియారం చూసింది, తన వాచీ చూసుకుంది. పక్క బ్లాకులో ఇంకో పరీక్ష ముగిసిందని కొట్టిన బెల్లు అది. అది తమ హాలుదేననుకుని సారు కాగితాలు వసూలు చెయ్యడం మొదలెట్టాడు. తీసుకున్న కాగితాలన్నీ మళ్ళీ పంచారు. ముందు బెంచీలో కుర్రాడు వెనక్కి తిరిగి, స్పష్టంగా పెదాలు కదుపుతూ "థాంక్సక్కా" అన్నాడు.

"రాసుకో ముందు!" అని కసిరింది.

సీటు వచ్చింది. గొప్ప ర్యాంకేమీ కాదు, జాబితాలో కిందెక్కడో. బాబాయి వీధంతా తిరిగి చెప్పొచ్చాడు.

క్లాసులు మొదలైన రోజు లెక్చరర్ బోర్డువైపు తిరిగి బొమ్మలు వేస్తూనే పాఠం చెప్పుకుపోతున్నాడు. వీపు తప్ప ఏమీ కనపడదు. కాసేపు చూసి మైకు లేచింది. తన కుర్చీని గరగరా ఈడ్చుకెళ్ళి బోర్డు పక్కన, ఆయన మొహానికి ఎదురుగా వేసుకుని కూర్చుంది. క్లాసంతా నవ్వింది.

"ఇదేంటమ్మా?" అన్నాడాయన.

"ఇక్కణ్ణుంచి వినపడుతుంది సార్. చెప్పండి."

కోర్సు అయిపోయేదాకా ఆ కుర్చీ అక్కణ్ణుంచి కదల్లేదు.