పక్కింటి తాళం

మా ఇంట్లో పక్కింటి వైపున్న కిటికీని ఎనిమిదేళ్లుగా నేను తెరవనివ్వలేదు. దోమలని చెబుతాను. దోమలు కావు. ఇన్నేళ్లూ గుండె మీద బండలా మోస్తున్న మాట ఒకటుంది. నా ముఖం మీకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నేను అర్జీలు రాసే మనిషిని. నాచారంలో మా వీధి దీపం వెలగకపోయినా, మురుగు పొంగినా మునిసిపల్ ఆఫీసుకు నా కాగితం వెళ్లాల్సిందే. కార్బన్ కాపీ నా దగ్గరుంటుంది. నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో అది కూడా అలాగే దాచుకుంటాను.

పక్కిల్లు రాజేశానిది. కువైట్‌లో ఏసీలు బిగించే కంపెనీలో సూపర్‌వైజర్. ఇంటి మెట్లు వీధిలోకి వచ్చాయని అర్జీ పెట్టాను. నిజంగానే వచ్చాయి. గృహప్రవేశం భోజనాల్లో అతను వడ్డించేవాళ్లతో గట్టిగా అన్నాడు: "సార్‌కు ఇంకో రెండు గారెలెయ్యుర్రి. కడుపు నిండితెనన్న మా మీద అర్జీ రాయకుంటుంటడు."

పంక్తంతా నవ్వింది. అతని భార్య లలిత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాటనూ దాచుకున్నాను.

ఆ తర్వాత వాళ్లు కువైట్ వెళ్లిపోయారు. ఇంటికి తాళం. రెండేళ్లకు తల్లి ఆపరేషన్ కోసం లలిత ఇద్దరు ఆడపిల్లలతో వచ్చి ఆ ఇంట్లోనే దిగింది. ఇక్కడుండగా ఆమె పాస్‌పోర్టు గడువు తీరింది. కొత్తది వస్తేనే భర్త అక్కడ ముగ్గురి అకామాలు, అంటే ఆ దేశంలో ఉండే అనుమతులు, పొడిగించగలడు. ఆరు నెలలు దాటి బయట ఉంటే అవి వాటంతటవే రద్దవుతాయి. అప్పటికే నాలుగు నెలలు గడిచాయి. పాస్‌పోర్టు రావాలంటే పోలీసు విచారణ జరగాలి, వీళ్లు ఇక్కడే ఉంటున్నారని ఇరుగుపొరుగు సంతకాలు పెట్టాలి.

ఒక ఉదయం ఆమె చిన్నపిల్లను భుజాన వేసుకుని మా గేటు దగ్గరికి వచ్చింది. పిల్ల ఒళ్లు కాలిపోతోంది.

"అన్నా, రామంతాపూర్ దవాఖానకు పోతున్న. పోలీసాయన వస్తె జర ఈ నంబర్‌కు ఫోన్ కొట్టు. గంటల వస్త."

చీటీ చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆటో వీధి మలుపు తిరగగానే కానిస్టేబుల్ బండి వచ్చింది. ముందే తెలిసి వచ్చినట్టు.

"తాళమున్నది. వీళ్లు ఈడ ఉంటరా సార్?"

"వాళ్లు కువైట్ వాళ్లండి. ఎప్పుడు చూసినా తాళమే ఉంటుంది."

"మరి సంతకం పెడ్తరా?"

"నాకెందుకండీ ఈ గొడవ."

"గట్లైతె ఉంటలేరని రాస్త."

"మీ ఇష్టం."

అతను రాసుకుంటున్నంతసేపూ జేబులో చీటీ ఉంది. చేయి దాని మీదే పెట్టుకుని నిలబడ్డాను. రెండేళ్లపాటు తాళం ఉన్న మాట నిజమే కదా? అబద్ధమాడానా? ఈ ప్రశ్నను ఎన్ని రకాలుగా తిప్పి వేసుకున్నా, ప్రతిసారీ ఆ చీటీయే చేతికి తగులుతుంది. ఎవరూ రాలేదని సాయంత్రం ఆమెకు చెప్పాను. అది మాత్రం పచ్చి అబద్ధం.

నెల తర్వాత పాస్‌పోర్టు ఆగిపోయిందని తెలిసి లలిత తిన్నగా మా ఇంటికే వచ్చింది.

"ఎవరో గిట్టనోళ్లు సెప్పిన్రంట అన్నా. నీ లెక్క అర్జీ రాసెటోళ్లు ఈ గల్లీల ఎవరున్నరు? జర రాసియ్యి."

రాశాను. 'ఎవరో గిట్టనివారు తప్పుడు సమాచారం ఇచ్చినందున' అని నా చేత్తోనే, అక్షరం వణకకుండా రాశాను. అంత మంచి అర్జీ నేను మరొకటి రాయలేదు. మళ్లీ విచారణ జరిగింది. ఈసారి సంతకం పెట్టాను. ఆరు నెలలు నిండిన పన్నెండో రోజున పాస్‌పోర్టు వచ్చింది. అప్పటికే అనుమతులు పోయాయి. కొత్తవి ఇమ్మంటే, కుటుంబాన్ని తెచ్చుకోవడానికి ఈలోగా పెంచిన పరిమితికి అతని జీతం సరిపోదన్నారట. ఏడాదికొకసారి రాజేశం సెలవు మీద వస్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు చిన్నపిల్ల తలుపు చాటు నుంచి చూసింది. అతను నాకు చేతులు జోడించాడు. "అర్జీ రాసి మస్తు సాయం జేసినవ్ సార్. ఆనాడు గారెలకాడ నవ్వులాటకు అన్న, మనసుల పెట్టుకోకు."

పెట్టుకున్నానని ఎలా చెప్పను?

నిన్న లలిత మళ్లీ వచ్చింది. కువైట్‌లో ఒక్కడే గదిలో ఉంటున్న రాజేశానికి ఛాతీ నొప్పట. మూడు రోజులుగా ఫోనెత్తడం లేదట. అక్కడి మన ఎంబసీకి అర్జీ కావాలి. అప్పటికప్పుడే రాసిచ్చాను. కార్బన్ కాపీ పెట్టడానికి కట్ట విప్పితే పాతది బయటపడింది.

'ఎవరో గిట్టనివారు' అన్న మాటలు కొట్టేశాను. పైన 'పక్కింట్లో ఉన్న నేను' అని రాశాను. దాన్ని ఆమె చేతిలో పెట్టే ధైర్యం ఉందో లేదో తెలియదు. రాశాక మాత్రం ఊపిరి కొంచెం ఆడింది. పొద్దున కిటికీ తెరిచాను. అవతల లలిత ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడి ఉంది. ఇంకా ఎవరూ ఎత్తడం లేదు.