ప్రకాశం అన్న విమానంలో నేను పోసిన గ్యాసునూనె

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ప్రకాశం అన్న తన చేతులతో బిగించుకున్న విమానం మొదటిసారి నేలను విడిచిన రోజున దాని పెట్రోల్లో గ్యాసునూనె ఉంది, అంటే రేషన్‌లో వచ్చే కిరోసిన్, దాన్ని కలిపింది నేనే. ఆ సంగతి చెప్పడానికి ఆ ఉదయం దేవుడు నాకు రెండుసార్లు అవకాశం ఇచ్చాడు, రెండుసార్లూ నేను అబద్ధమే చెప్పాను. ఇప్పుడు జనగామలో మీ మధ్య కూర్చుని ఆరాధించే ఈ సమూయేలు ఎలాంటివాడో మీకు తెలియాలని, నన్ను విడిపించిన దేవుడు ఎంత ఓపిక గలవాడో తెలియాలని ఈ సాక్ష్యం రాస్తున్నాను.

నేను పుట్టింది పెద్దవంగర దగ్గర, ఊళ్లలో అందరికీ సామేలునే. టేకుమట్లలో షాపు పెట్టుకుని మోటారు సైకిళ్లు, పత్తికి మందు కొట్టే స్ప్రే పంపులు బాగుచేసేవాణ్ణి. చేతిలో పని ఉంది, కానీ ఆ చేయి పొద్దున లేవగానే వణికేది, సీసా తగిలితేనే నిలిచేది. పన్నెండేళ్లు అలా గడిచాయి. బాప్తిస్మం తీసుకున్నాను, ఆదివారం మందిరానికీ వచ్చేవాణ్ణి, సోంపు నములుతూ చివరి వరుసలో కూర్చుని వాసన ఎవరికీ తెలియలేదనుకునేవాణ్ణి. ఒక సంబంధం వచ్చింది, పిల్ల తండ్రి మా ఇంటికొచ్చి పావుగంట కూర్చుని, చాయ్ కూడా తాగకుండా లేచి వెళ్లిపోయాడు. అది చూసి కూడా నాకు సిగ్గు రాలేదు సహోదరులారా.

అలాంటి నన్ను పనిలోకి పిలిచినవాడు ప్రకాశం అన్న. వాయుసేనలో మెకానిక్‌గా పనిచేసి, చిన్న విమానాలు నడపడమూ నేర్చుకుని, పదవీ విరమణ తరువాత మొగుళ్లపల్లి దగ్గర తన ఊరికి వచ్చాడు. ఒక్క మనిషి కూర్చునే చిన్న విమానం, విడి భాగాలుగా చెక్క పెట్టెల్లో తెప్పించుకున్నాడు. అల్యూమినియం గొట్టాలు, నంబర్లు వేసిన పొట్లాల్లో బోల్టులు, స్ప్రే పంపు ఇంజనుకు పెద్దన్నలాంటి ఇంజను, ఒక లావు పుస్తకం. అనుమతి కాగితాల కోసం ఆయన తిరగని ఆఫీసు లేదు. తన మెట్ట చేను, మేము చెల్క అంటాము, దాని పక్కన రేకుల షెడ్డు వేసి రెండున్నరేళ్లు ఆయన, ఆయన భార్య రూతు వదిన, నేను దాన్ని బిగించాము.

ఆయన పని చేసే తీరు ఎంత చెప్పినా తక్కువే. ఇంజను ముట్టుకునే ముందు అన్నం ముందు కూర్చున్నట్టు చేతులు కడుక్కునేవాడు. ఒకసారి ఆయన చూడకుండా నేను ఒక బోల్టు బిగించాను, అది సరిగ్గానే ఉంది, అయినా దాని మీద ఆ రోజంతా చేసిన పని మొత్తం విప్పించి, ఒక్క మాట కోపంగా అనకుండా మళ్లీ మొదటినుంచి నాతో కూర్చుని చేశాడు. రూతు వదిన పుస్తకంలోని నంబర్లు చదువుతుంటే ఆయన పొట్లాలు అందుకునేవాడు, భార్యాభర్తలు కలిసి ప్రార్థన చేస్తున్నట్టే ఉండేది నాకు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. రోడ్ల మీద వంటావార్పు, ఒక బంద్ అయిపోకముందే ఇంకో బంద్. ఊరివాళ్లు షెడ్డు దగ్గర ఆగి అన్నను ఆట పట్టించేవారు.

"ప్రకాశమన్నా, తెలంగాణ ముందొస్తదా, నీ ఇమానం ముందు లేస్తదా?"

"నేనైతే రెండిటికీ ప్రార్థన చేస్తున్న. ఏది ముందైతే దాంట్ల నిన్ను కూసోబెడ్త" అనేవాడు అన్న.

ఆయనకొక నియమం ఉంది. ఇంజను నడిపే ప్రతిసారీ, ముందుగా, ఏ పని ఎవరు చేశారో వాళ్లు విమానం ముందు నిలబడి నోటితో చెప్పాలి. కాగితం మీద రాస్తే సరిపోదు. "నా పని మంచిగున్నది, దీని మీద మనిషి కూసోవచ్చు" అని ఆయన కళ్లలోకి చూసి చెప్పాలి. రెక్కల గుడ్డ గురించి వదిన చెప్పేది, చక్రాల గురించి, పెట్రోలు గురించి నేను చెప్పేవాణ్ణి, మిగతాదంతా ఆయనే తనకు తాను పైకి చెప్పుకునేవాడు. ఆ తరువాతే ప్రార్థన.

అన్నీ సిద్ధమయ్యాయి. మొక్కజొన్న కోసిన చేలు ఖాళీగా ఉన్నాయి, పక్క రైతులు ఒడ్లు, అంటే చేల గట్లు, తీసి విమానం పరుగుకు దారి చదును చేసుకోనిచ్చారు. మూడు రోజుల బంద్ అని తెలిసి అన్న ముందే భూపాలపల్లి నుంచి పది లీటర్ల పెట్రోలు తెచ్చాడు, ఆయిల్ కలిపించి, జాగ్రత్తగా దాచమని డబ్బా నా చేతికిచ్చాడు. "సామేలూ, ఇది పైలం" అన్నాడు, అంతే.

మరునాడే విమానం లేపాలి. ఆ మధ్యాహ్నం అన్న పాస్టరు అయ్యగారిని ప్రార్థనకు పిలవడానికి వెళ్లాడు. నా చేతులు వణకడం మొదలైంది. ఊళ్లో తాగుడు సీసాలు అమ్మే బెల్టుషాపు అతను బండిలో పెట్రోలు లేక తిరుగుతున్నాడు, బంకులన్నీ మూసి ఉన్నాయి. మూడు లీటర్లు పోస్తే సీసా ఇస్తానన్నాడు. పోశాను. డబ్బా వెలితి తెలియకుండా ఇంట్లోని గ్యాసునూనె నింపాను. రేషన్ గ్యాసునూనె నీలంగా ఉంటుంది, మేము కలిపే ఆయిల్ కూడా నీలమే. గాజు సీసాలో పోసి వెలుతురుకు పట్టి చూసినా ఎవరూ పోల్చలేరని నాకు తెలుసు. స్ప్రే పంపుల్లో అలా కలిపిన రైతులకు నేనే ఎన్నోసార్లు చీవాట్లు పెట్టాను కూడా, ఇంజను వేడెక్కి పట్టేస్తుందని.

మరునాడు పొద్దున బంద్ కాబట్టి పనిలేని ఊరంతా చెల్కలోకి వచ్చింది. మల్లవ్వ అనే ముసలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "అన్ని బంద్ పెట్టిన్రు గదా, గీ ఇమానానికి బంద్ లేదా?" అంటే అందరూ నవ్వారు. అన్న డబ్బాలోంచి గాజు సీసాలోకి కొంచెం తీసి సూర్యుడికి ఎత్తి చూశాడు, తల ఊపి ట్యాంకులో పోశాడు. తరువాత మా ముందు నిలబడ్డాడు. వదిన తన మాట చెప్పింది. అన్న నా వైపు తిరిగాడు.

"నా పని మంచిగున్నది అన్నా. దీని మీద మనిషి కూసోవచ్చు."

నా నోరే ఆ మాట అన్నది సహోదరులారా. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక అన్న విమానంలో కూర్చుని ఇంజను మొదలుపెట్టి వేడి చేస్తుంటే వెనక పొగ వచ్చింది. అన్న మెడ తిప్పి, "పొగ జర ఎక్కువున్నదేందిరా?" అని అరిచాడు. "ఆయిల్ జర ఎక్కువ పడ్డది అన్నా, ఏం గాదు" అన్నాను. పన్నెండేళ్లు ఆ ఇంజన్ల మధ్య బతికినవాడి మాట అని నమ్మాడు.

విమానం పరుగు తీసింది. ఎర్రమట్టి లేచింది. చక్రాలకు, నేలకు మధ్య వెలుతురు కనబడింది, జానెడు, బారెడు, తరువాత రెండు తాడిచెట్ల ఎత్తు. రెండున్నరేళ్లుగా నేను పొట్లాల్లో చూసిన ముక్కలు ఒక్క ప్రాణమై ఆకాశంలో వంగి తిరుగుతుంటే, దాని నీడ మా ముఖాల మీదుగా పోతుంటే, ఆ మనిషి పనితనానికి నా కళ్లు నిండాయి. ఊరంతా చప్పట్లు కొట్టింది. వదిన మాత్రం కొట్టలేదు, రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది.

రెండో చుట్టు మొదట్లో శబ్దం సన్నబడింది. ఒక దగ్గు, ఇంకో దగ్గు. ఆగిపోయింది. 

నేను మోకాళ్ల మీద పడ్డాను. నా ప్రార్థన ఇంతే: "తండ్రీ, నేనే చేసిన. నా పాపానికి ఆయనను తీస్కోకు. ఆయనను కింద పెట్టు, నా నోరు నీకిస్త, అందరి ముందు చెప్త."

అన్న గాబరాపడలేదు. ముక్కు కిందికి వంచి, కరెంటు తీగల మీదుగా దాటించి, మొక్కజొన్న మోళ్లలోకి దించాడు. చక్రం ఒక ఒడ్డుకు తగిలి విమానం పక్కకు పడింది. మేము ఉరికేసరికి ఆయన బయటికి వచ్చి కూర్చుని ఉన్నాడు, ఎడమ మణికట్టు విరిగి వాలిపోయింది, ప్రాణం మాత్రం ఉంది. దేవునికే మహిమ.

చుట్టూ జనం అప్పటికే తీర్పు చెప్పేశారు. "ఇంజను పంపినోళ్లే ఖరాబుది పంపిన్రు, మనోళ్లంటే అలుసు" అన్నారు ఒకరు. అవునవునన్నారు అందరూ. సైతాను నాకు అంత సులువైన తలుపు ఎప్పుడూ తెరవలేదు. నేను ఊరుకుంటే చాలు. కానీ ఆ క్షణాన దేవుడు నా నోరు తెరిచాడు, అది నా బలం కాదు.

"ఇంజను మంచిదే. నేనే పెట్రోలు తాగుడుకు ఇచ్చి గ్యాసునూనె కలిపిన. అన్న అడిగితే అబద్ధమాడిన" అన్నాను.

ఎవరో నా చొక్కా పట్టుకున్నారు. అన్న కుడి చెయ్యి ఎత్తి ఆపాడు. నా వైపు తిరిగి అడిగాడు.

"ఎన్ని లీటర్లు?"

"మూడు."

"పదిట్ల మూడా" అని ఇంజను వైపు తిరిగి, "అయినా గంత పైకి తీస్కపోయింది. మంచి ఇంజను" అన్నాడు. ఆ మాటకు నేను ఏడ్చినంతగా ఏ దెబ్బకూ ఏడవలేదు.

రూతు వదిన ఏడవలేదు, తిట్టలేదు. "సామేలూ, మా గడప తొక్కకు" అన్నది. ఆమె న్యాయంగా అన్నది.

ఆ రోజు మానేసిన తాగుడు నా శరీరాన్ని అంత తేలిగ్గా వదల్లేదు. నాలుగో రోజుకు దవాఖానలో పడ్డాను. ఒళ్లంతా వణుకుతుంటే చేతికి పట్టీతో అన్న వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "తండ్రీ, ఈ చేతులు నువ్వు చేసినయి. వీటి వణుకుడు నువ్వే ఆపు" అని ప్రార్థించాడు. డాక్టరు మందు ఇచ్చాడు, ప్రభువు ఓపిక ఇచ్చాడు, రెండూ ఆయన కృపే అని నేను నమ్ముతాను. ఆ తరువాత ఇప్పటివరకు ఒక్క చుక్క ముట్టలేదు.

దవాఖాన నుంచి వచ్చిన ఆదివారం మందిరంలో నిలబడి జరిగినదంతా చెప్పాను. మృగశిర కార్తె దాటి వానలు పడ్డాయి, అన్న చెయ్యి ఇంకా నాగలి పట్టేలా లేదు. పొద్దున్నే షాపు తెరవకముందే వెళ్లి ఆయన చెల్క దున్నాను, పత్తి గింజలు పెట్టాను, కలుపు తీశాను, మందు కొట్టాను. గడప తొక్కలేదు, వెనక ఒడ్డు మీదుగా వెళ్లి అలాగే తిరిగి వచ్చేవాణ్ణి, సద్ది నాదే తెచ్చుకునేవాణ్ణి. సాయంత్రాలు అన్న షెడ్డు బయట నాకు ఇంజను ముక్కలు ఇచ్చేవాడు, నేను బయటే కూర్చుని మసి తుడిచి లోపలికి అందించేవాణ్ణి. వదిన ఆ దారిన పోతే తలవంచుకునేవాణ్ణి. ఆమె పలకరించాలని నేను దేవుణ్ణి అడగలేదు, అడిగే హక్కు నాకు లేదనిపించింది.

సహోదరులారా, ఈ పొద్దున మీరు ఎవరితోనైనా అబద్ధమాడి ఉంటే, దానివల్ల ఏమీ కాలేదని నిశ్చింతగా ఉంటే, ఆ మనిషి దగ్గరికి పొద్దుగూకకముందే వెళ్లండి. దేవుడు క్షమిస్తాడు, నేను సాక్షిని, ఆయన్ని నమ్మండి. అయితే మనుషుల క్షమ కోసం మనం పని చేస్తూ కనిపెట్టుకుని ఉండాలి.

ఆ విమానం తరువాత ఎన్నోసార్లు లేచింది, ఆ సంగతులు అన్న చెప్పుకోవలసినవి. నాకు చెప్పవలసింది ఒక్కటి మిగిలింది. అది మళ్లీ లేవకముందే, పత్తి రెండోసారి ఏరే రోజుల్లో ఒక మధ్యాహ్నం చెల్కలో ఉంటే షెడ్డులోంచి రూతు వదిన గొంతు వినిపించింది. చిరిగిన రెక్కకు కొత్త గుడ్డ పరిచి, సూది చేతిలో పట్టుకుని, నావైపు చూడకుండానే, "సామేలూ, చేతులు కడుక్కొని రా. ఈ కొస పట్టు, గట్టిగ గుంజకు" అన్నది. నేను చేతులు కడుక్కుని లోపలికి వెళ్లి, ఆమె చివరి కుట్టు వేసి దారం తెంపేదాకా ఆ కొస పట్టుకుని నిలబడ్డాను.