సాయి ఇంటికి వచ్చిన ఆడమనిషి

ముంబయి కామాఠీపురాలో, వరస గదుల చాళ్లలో పుట్టి పెరిగిన వాళ్లకు దయ్యాల కథలు కొత్త కాదు. మా మేడమెట్ల మీద ఎవరో ఏడుస్తారని, మూసి ఉన్న ఒంటిగది ఖోలీలో గిన్నెల చప్పుడు అవుతుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఒక్కటీ నమ్మలేదు. గోడకు గోడ ఆనుకున్న చోట పక్కింట్లో దగ్గినా మన ఇంట్లో దగ్గినట్టే ఉంటుందని మా నాన్న అనేవాడు. నాకూ అదే నిజమనిపించేది. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా నేను దయ్యం అనడం లేదు. ఏమనాలో తెలియడం లేదు, అంతే.

నేను చదివే కాలేజీ నాగ్‌పాడా దాటాక వస్తుంది. అక్కడ విద్యార్థులమే నడిపే ఒక బృందం ఉంది. మత్తుకు అలవాటు పడ్డవాళ్లు, మనసు బాగాలేని వాళ్లు టీచర్లతో చెప్పుకోలేరు కాబట్టి మాతో మాట్లాడతారు. లైబ్రరీ వెనుక చిన్న గదిలో మధ్యాహ్నాలు కూర్చునేవాళ్లం. సైకాలజీ మేడం మాకు శిక్షణ ఇచ్చింది. మాకున్న పెద్ద నియమం ఒక్కటే: ఆ గదిలో విన్నది బయటికి పోకూడదు. కాగితం మీద కూడా ఏమీ రాసుకోం. ఒక్క మాట పొక్కినా మళ్లీ ఎవరూ ఆ గది గడప తొక్కరని మేడం పదేపదే చెప్పేది.

ఒకరోజు కామర్స్ చదివే తెలుగబ్బాయి వచ్చాడు. సాయి అనుకుందాం, అసలు పేరు అది కాదు. ఫోరస్ రోడ్ పక్క సందులో ఉంటాడు. నాన్న సెంట్రింగ్ పనికి, అమ్మ ఇళ్లల్లో పనికి పోతారు. బృందంలో తెలుగు వచ్చేది నాకొక్కదానికే అని తెలిసి నా దగ్గరే కూర్చున్నాడు. నిద్ర పట్టడం లేదంటే ఒక స్నేహితుడు మాత్ర ఇచ్చాడట. మావైపు వాటిని ‘బటన్’ అంటారు. ఇప్పుడు అవి లేకపోతే చేతులు వణుకుతున్నాయన్నాడు. ఇంట్లో మడత మంచం ఇనుప గొట్టంలో వాటిని దాచి, పైన రబ్బరు మూత పెడతానని కూడా చెప్పాడు. ఈ మాట ఎవరికీ చెప్పలేదన్నాడు. నేనూ ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ఆలోచిస్తానని లేచి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు అతను గదిలోకి కోపంగా వచ్చాడు.

“మా ఇంటికి ఆంటీని ఎందుకు పంపినవ్ అక్కా? నిన్ను నమ్మి చెప్పిన గదా!”

నాకేమీ అర్థం కాలేదు. అమ్మానాన్నలు పనికి పోయిన వేళ ఎవరో ముసలామె వచ్చి గడప మీద కూర్చుందట. ‘మంచం గొట్టంల పెట్టింది తీసి పారెయ్యి బిడ్డా’ అందట. భయపడి అన్నీ మురుగు మోరీలో పారబోశాడు. కానీ నన్ను మాత్రం వదలదలచుకోలేదు. నేరుగా మేడం దగ్గరికి వెళ్లాడు.

అనుమానం నా మీదికే వచ్చింది. ఎందుకు రాదు? వచ్చినామె మాట్లాడింది తెలుగు. నాదీ అదే పేట. మాతో పనిచేసే నీలేశ్, ఇంట్లో నోరు జారి ఉంటావని మరాఠీలో నా ముఖం మీదే అన్నాడు. సంగతి తేలేదాకా గదికి రావద్దని మేడం చెప్పింది. కాలేజీ మెట్లు దిగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను మాత్రం తక్కువ అనుమానించానా? మొదట నీలేశ్‌నే అనుకున్నాను. సాయి నాతో చెప్పుకున్న రోజు అతను తలుపు బయట ఉన్నాడు. అయితే అతనికి తెలుగు ముక్క రాదు. తరువాత మా అమ్మను అనుమానించాను. నిద్రలో ఏమైనా వాగానా అని అడిగితే, “నిద్రల నువ్వు గుర్రు పెడ్తవ్, అంతే” అంది. చివరికి సాయినే అనుమానించాను. అలాంటి మాత్రలు వేళకు అందకపోయినా లేని మనుషులు కనిపించవచ్చని శిక్షణలో విన్నాం. తన భయమే తనకు మనిషై కనిపించిందని తేల్చుకున్నాను. అలా తేల్చుకున్నాక మనసు కాస్త కుదుటపడింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కూరగాయలు తీసుకుని ఇంటికి వచ్చాను. సంచి కింద పెట్టకముందే అమ్మ అంది:

“మీ కాలేజీ ఆమె వచ్చి పోయింది. సాయి ఇంటికి జల్ది పొమ్మన్నది. పోరగాడు లోపల కడీ పెట్టుకున్నడట.”

అమ్మ నోట సాయి పేరు! ఆ పేరు నేను ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు. అడగడానికి ఆగలేదు, పరుగెత్తాను.

ఖోలీ లోపల గొళ్లెం పెట్టి ఉంది. ఎంత పిలిచినా పలకలేదు. సాయి తల్లిదండ్రులు సొంతూళ్లో పెళ్లికి పోయారట. పక్కింటి ఆయన అటక మీది సందులోంచి లోపలికి దిగి తలుపు తీశాడు. సాయి నేల మీద పడి ఉన్నాడు. నోటి వెంట నురగ. ఊపిరి గరగరమంటోంది. ఇద్దరు మగవాళ్లు ఎత్తి టాక్సీలో వేశారు. ఆసుపత్రి దాకా అతని తల నా ఒడిలోనే ఉంది. మళ్లీ ఎక్కడో మాత్రలు సంపాదించి ఒక్కసారిగా మింగాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడు.

ఆ రాత్రి అమ్మను కూర్చోబెట్టి అడిగాను. సన్నటి ముసలామె, గడ్డం మీద పచ్చబొట్టు, వంకరపోయిన చిటికెన వేలు. మాట మన పాలమూరు మాటే గానీ, ఇప్పుడెవరూ మాట్లాడని పాత మాట అంది. మంచినీళ్లు అడిగి తాగిందట. ఆ గ్లాసు అమ్మ చూపించింది. అందరి గ్లాసుల్లాంటి స్టీలు గ్లాసే. అందులో నాకేం కనిపిస్తుంది?

సాయికి కాస్త నయమయ్యాక, అమ్మ చెప్పింది ముందు బయటపెట్టకుండా అతన్ని అడిగాను. పచ్చబొట్టు అన్నాడు. వంకర వేలు అన్నాడు.

మా మెట్ల మొదట్లో కుట్టుమిషన్ పెట్టుకున్న దర్జీ ఉంటాడు. పిల్లి పోయినా ఆయనకు తెలుస్తుంది. ఆ మధ్యాహ్నం కొత్త మనిషెవరూ ఎక్కలేదని ఒట్టేశాడు. ఖోలీల ముందు గ్యాలరీలో బియ్యం ఏరుకుంటున్న ఆడవాళ్లదీ అదే మాట. మా ఇంట్లో, సాయి వాళ్లింట్లో ఉన్న పాత ఫోటోలన్నీ అమ్మకూ సాయికీ చూపించాను. ఒక్కటీ ఆమెది కాదన్నారు.

మేడం నన్ను మళ్లీ గదికి పిలిచింది. నీలేశ్ క్షమాపణ అడిగాడు గానీ పూర్తిగా నమ్మాడనుకోను. మీ తెలుగువాళ్లంతా కలిసి ఏదో దాస్తున్నారు అంటాడు, సగం నవ్వుతూ. అతన్ని తప్పుపట్టలేను. అమ్మ అబద్ధమాడుతోందేమోనని ఒక్కోసారి నాకే అనిపిస్తుంది. ఎందుకు ఆడుతుంది? సాయి సంగతి ఆమెకెలా తెలుస్తుంది? అక్కడితో ఆగిపోతాను.

సాయి చికిత్స తీసుకున్నాడు, చదువు సాగుతోంది. ఈ ఏడు మా బృందంలో చేరాడు. ఆమె కోసం ఇంకో సందులో ఉండే పాత పాలమూరువాళ్లను అడిగి వద్దామని మొన్న నేనన్నాను.

“వద్దక్కా,” అన్నాడు. “మనిషే అని తెలిస్తే మంచిదే. కాదని తెలిస్తే నేను ఆ ఖోలీల ఒక్కణ్ణే ఎట్లుండాలె?”

నేను ఆ సందుకు వెళ్లలేదు.