హద్దు రాయి మీద కట్టిన అరుగు

మా వీధిలో కల్యాణమండపం వస్తుందని నాకు తెలిసింది జూన్ తొమ్మిదో తేదీ, సోమవారం పొద్దున ఏడుంబావుకి. మున్సిపాలిటీ మనిషి పప్పు మిల్లు గోడకి నోటీసు అంటించి వెళ్లాడు. నేను వెళ్లేసరికి మైదాపిండి జిగురు ఇంకా ఆరలేదు. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. మిల్లు తీసేసి ఆ స్థలంలో రెండంతస్తుల కల్యాణమండపం, కింద దుకాణాలు కడతారట. నివాస స్థలాన్ని వ్యాపార స్థలంగా మార్చడానికి ఎవరికైనా అభ్యంతరముంటే పదిహేను రోజుల్లోగా రాసివ్వాలట. అడుగున చిన్న అక్షరాల్లో, స్థలం ముందున్న రోడ్డు వెడల్పు నలభై అడుగులు అని ఉంది.

మా వీధి అంత వెడల్పు లేదు. ఆ అంకె చూసి నాకు సంతోషం కలిగింది. కోపం రావలసిన చోట సంతోషం ఎందుకు వచ్చిందో చెప్పాలి. మిల్లు యజమాని ఎక్కడైనా తప్పు చేస్తాడేమోనని నేను అప్పటికి నాలుగు రోజులు తక్కువగా రెండేళ్ల నాలుగు నెలల నుంచి ఎదురుచూస్తున్నాను.

నా భర్త పోయింది ఫిబ్రవరి పదమూడున. పాడె లేపింది పదీ ఇరవైకి. మా ఇంటికీ పెద్ద రోడ్డుకీ మధ్య మిల్లు ఉంది. మిల్లు ముందు కందుల లారీ అడ్డంగా నిలబెట్టి బస్తాలు దించుతున్నారు. మోసేవాళ్లు నలుగురూ ఎండలో ఆగిపోయారు. మా మరిది వెళ్లి లారీ తీయమని బతిమాలాడు. యజమాని కాటా దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లేవను కూడా లేవలేదు.

"ఇంకో పాతిక బస్తాలే బాబాయ్. దించేసి తీస్తాడు. పోయినాయనకి తొందరేముంది?" అన్నాడు. హమాలీలు ఇద్దరు నవ్వారు.

నలభై నిమిషాలు పట్టింది. ఆడవాళ్లం గుమ్మం దగ్గరే ఆగిపోవాలి కనుక నేను అక్కడి నుంచే చూశాను. ఆ నిమిషాలు పుస్తకంలో రాసుకున్నాను. నేను విజయపురి సౌత్‌లో నీటిపారుదల శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్లు గుమాస్తాగా చేశాను. కాలువ గేజీ, అంటే నీటిమట్టం, ఎంత ఉందో రోజూ పొద్దున రిజిస్టరులో ఎక్కించడం నా పని. రిటైరై నరసరావుపేటలో ఇల్లు కొనుక్కున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. కుళాయి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి ఆగింది, కరెంటు ఎప్పుడు పోయింది, ఇంట్లో ఏ పని ఏ తేదీన చేయించాం, అన్నీ రాస్తాను. రాసినదాన్ని మరిచిపోవడం నాకు చేతకాదు.

మా వీధిలో ఉన్నవి పదిహేడు ఇళ్లు. నోటీసు పడిన వారంలో అందరూ మా వసారాలో కూర్చున్నారు. డీజే మోతకి పిల్లల చదువులు ఏమవుతాయని ఒకరు, కార్లన్నీ మా గుమ్మాల ముందే పెడతారని ఒకరు, ఎంగిలాకులు మన కాలువలోనే పడతాయని మరొకరు అన్నారు. అన్నీ నిజాలే. నేనే అర్జీ రాశాను. పద్నాలుగు ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టారు. జూన్ ఇరవైన ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చాను. కల్యాణమండపానికి ముందు నలభై అడుగుల రోడ్డు ఉండి తీరాలని ఆ ఆఫీసులోనే తెలిసింది. నోటీసులో ఆ అంకె ఎందుకు పడిందో అప్పుడు అర్థమైంది.

మా వీధిలో తారు ఉన్నది ఇరవై అడుగులు. మరి నలభై ఎక్కడిది? ఆ సంగతి మిల్లు యజమానే ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. మా ఇంటికి చివర వచ్చాడు.

"ఏంది పిన్నీ, నా మీద అర్జీ పెట్టావంట! ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లు మన వీధిలో జరిగితే నీకేంది నష్టం? నెలకి పది రోజులు పొయ్యి వెలిగించే పని కూడా ఉండదు."

"రోడ్డు నలభై అడుగులు లేదుగా అబ్బాయ్."

"ఎందుకు లేదు? ఇరవై తారు. అటు పది, ఇటు పది మీరంతా మింగారు. అరుగులు, మెట్లు, కొట్లు. నీ వసారా గోడ కూడా రోడ్డులోదే పిన్నీ. కొలిపిద్దామా? నాకేం అభ్యంతరం లేదు. మీ అరుగులు పోతాయనే నా బాధంతా."

నవ్వుతూనే అన్నాడు. వెళ్లేటప్పుడు అరుగు మీద అరచేత్తో తట్టి, "మాచర్ల రాయి. చానా బాగుంది," అన్నాడు.

అతని లెక్క బాగా కుదిరింది. మా వీధిలో ఇంటి గోడ దగ్గర ఆగినవాళ్లు ఎవరూ లేరు. కాలువ మీద బండ పరిచి, దాని మీద అరుగో మెట్లో స్కూటరు ఎక్కే వాలో కట్టని ఇల్లు లేదు. కొలతలంటే అందరికీ భయమే. రెండు రోజుల్లో తొమ్మిది ఇళ్లవాళ్లు సంతకాలు వెనక్కి తీసుకున్నారు. ఎందుకని అడిగితే ఒకావిడ, "మీకేమమ్మా, ఒక్క మనిషి. మాకు బండి ఎక్కడానికి వాలు లేకపోతే ఎట్లా?" అంది.

జూలై ఏడు, సోమవారం, ఆఫీసులో విచారణ. మిగిలిన అయిదు ఇళ్ల తరపున నేనొక్కదాన్నే వెళ్లాను. అక్కడి అధికారి చిన్నవాడు, ఓపిక ఉన్నవాడు. పాత లేఅవుట్ కాగితం తెప్పించాడు. సరిగ్గా మా వీధి దగ్గరే మడత చినిగి అంకె కనపడలేదు.

"హద్దు రాళ్లు చూపించగలిగితే నేనే వచ్చి కొలుస్తానమ్మా. రెండు వైపులా రాయి ఉండాలి. రాయి నుంచి రాయికి ఎంతుంటే రోడ్డు అంతే. మూడు వారాలు టైమిస్తాను," అన్నాడు.

మిల్లు యజమాని పక్కనే నిలబడి, "రాళ్లెక్కడున్నాయి సార్, ఎప్పుడో పోయినాయి," అన్నాడు.

రాళ్లు పోలేదు. ఈ వీధిలో వాళ్లంతా చేసిన పని ఒకటుంది. అరుగు కట్టేటప్పుడు పునాదికి వేరే రాయి ఎందుకని, పాతిన హద్దు రాయినే పునాది చేసుకుని దాని మీద వరస లేపేశారు. రాయిని పీకితే నేరం, పూడిస్తే నేరం కాదని అప్పట్లో మేస్త్రీలు చెప్పేవాళ్లు. మేం కూడా అట్లాగే చేశాం. ఇంటికి వచ్చి పదహారేళ్ల కిందటి పుస్తకం తీశాను. మేస్త్రీ మాట నా చేతిరాతలోనే ఉంది: సర్వే రాయి కదల్లేదు, దాని మీదే మొదటి వరస, గోడ నుంచి పదకొండు అంగుళాలు.

ఆ అరుగు మీద నా భర్త పదమూడేళ్లు సాయంత్రాలు గడిపాడు. అతను వీపు ఆనించే చోట గోడకి నూనె మరక ఉంది. సున్నం వేయించినప్పుడల్లా అది మళ్లీ పైకి తేలుతుంది. అరుగు పగలగొట్టించాలా వద్దా అని నేను ఆలోచించింది ఒక్క పూటే. మిల్లు యజమాని అరచేత్తో తట్టిన చప్పుడు చెవిలో ఉండగా ఇంకెంతసేపు ఆలోచిస్తాను?

అయితే ఒక్క రాయి చాలదు. రెండోది ఎదురింటి కింద ఉంది. ఎదురింట్లో ఉండేది మోటార్లకి తీగ చుట్టే మేస్త్రీ. ముస్లిం కుటుంబం. భార్యాభర్తలు, అత్తగారు. కాలువ మీద బండ పరిచి, పైన రేకు వేసుకుని అక్కడే అతని కొట్టు. చుట్టుపక్కల పొలాల మోటార్లన్నీ కాలిపోయినప్పుడు అక్కడికే వస్తాయి. అతనూ సంతకం వెనక్కి తీసుకున్నాడు. అతని మేలు కోరి నేను వెళ్లలేదు. నాకు రాయి కావాలి.

"నీ కొట్టు కింద హద్దు రాయి ఉంది నాయనా. బండలు లేపాలి," అన్నాను.

అతను చేతిలో తీగ కింద పెట్టాడు. "కొట్టు లేపితే నేనెక్కడ కూర్చోవాలి పెద్దమ్మా? ఈ సీజన్‌లోనా? రోజుకి ఆరు మోటార్లు వస్తున్నాయి."

"కల్యాణమండపం వస్తే కార్లు పెట్టుకోవడానికి ఎట్లాగూ లేపుతారు."

"అప్పటి సంగతి అప్పుడు. నీకు ఆయన మీద పంతం ఉంది. నాకేముంది?"

అతను అంత మాట అంటాడని నేను అనుకోలేదు. కానీ అది నిజమే. లోపలి నుంచి అతని అత్తగారు గట్టిగా అంది: "పంతం ఉండదేందిరా? ఆ రోజు శవాన్ని ఎండలో నిలబెట్టలా? నువ్వు కూడా ఆ లారీ తీయమని అడగటానికి పోయి రాలా?"

"పోయొచ్చాలే అమ్మా. నా కొట్టు సంగతి చెప్పు."

"మా ముందు గది ఇస్తాను. వీధి తలుపు ఉంది, కరెంటు మీటరు ఉంది. నీకు వేరే చోటు దొరికిందాకా కూర్చో," అన్నాను.

"వార్నిష్ కంపు కొడుతుంది పెద్దమ్మా. మోటార్లు తిప్పి చూస్తే మోత. నువ్వు రెండు రోజులు ఓర్చుకుంటావు, మూడో రోజు పొమ్మంటావు."

"రాసిస్తాను," అన్నాను.

అతను నవ్వాడు. "నువ్వు రాసిస్తానంటే మాత్రం నమ్ముతా," అన్నాడు.

జూలై పదమూడు, ఆదివారం, ఎనిమిదింటికి ఇద్దరు కూలీలు గడ్డపలుగులతో వచ్చారు. వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. రాళ్లు పగలకుండా ఒక్కొక్కటే లేపమన్నాను. తొమ్మిది రాళ్లు వచ్చాయి. మొదటి వరస తీశాక మట్టిలో నుంచి నెత్తిన గంటు ఉన్న రాయి బయటపడింది. టేపు పట్టి చూశాను. గోడ నుంచి పదకొండు అంగుళాలు. నా వసారా గోడ రోడ్డులో లేదు. మధ్యాహ్నం రెండింటికి ఎదురింటి రాయి కూడా బయటపడింది. మిల్లు యజమాని కాటా దగ్గర నుంచి లేచి వచ్చి రెండు నిమిషాలు చూసి వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు అన్నం రుచిగా ఉంది.

జూలై ఇరవై అయిదున అధికారి స్వయంగా వచ్చి కొలత గొలుసు పట్టించాడు. రాయి నుంచి రాయికి ముప్ఫై ఒక్క అడుగుల నాలుగు అంగుళాలు. ఆగస్టు పద్దెనిమిదిన కల్యాణమండపం దరఖాస్తు తిరస్కరించారు. సంతకాలు వెనక్కి తీసుకున్నవాళ్లు మిఠాయి పంచారు. నేను తీసుకోలేదు.

అక్కడితో ఆపమని మా మరిది చెప్పాడు. కానీ గొలుసు పట్టిన రోజే నేను ఇంకొకటి గమనించాను. మిల్లు ముందు లారీలు ఎక్కే సిమెంటు వాలు, దాని మీది కాటా, రాళ్ల వరస దాటి నాలుగున్నర అడుగులు రోడ్డు మీదికి వచ్చాయి. రెండో అర్జీ ఇచ్చాను. నా అరుగు నేనే తీసేశాను కనుక నన్ను ఎవరూ ఏమీ అనలేకపోయారు. సెప్టెంబరు నాలుగున జేసీబీ వచ్చి వాలు పగలగొట్టింది. వీధిలో కుర్చీ వేయించుకుని మొదటి నుంచి చివరిదాకా చూశాను. కాటా ఊడదీసేటప్పుడు ఒక బోల్టు రాక గంటసేపు పట్టింది. ఆ గంట కూడా కూర్చున్నాను.

నాకు ఇప్పుడు మెట్లు లేవు. గుమ్మం నుంచి వీధికి రెండున్నర అడుగులు. కొయ్య పీట వేసుకుని, తలుపు పట్టుకుని దిగుతాను. ముందు గదిలో మోటార్లు తిరుగుతుంటాయి. బియ్యానికి కూడా వార్నిష్ వాసన పట్టింది. మేస్త్రీ మంచివాడే కానీ, మూడో రోజునే పొమ్మందామనుకున్నాను. రాసిచ్చాను గనక అనలేదు.

మొన్న ఆదివారం మిల్లు యజమాని వచ్చాడు. నవ్వు లేదు. పీట పక్కన వీధిలోనే నిలబడ్డాడు. నేను గుమ్మంలో ఉన్నాను కనుక తలెత్తి మాట్లాడవలసి వచ్చింది.

"ఇంకేం కావాల పిన్నీ నీకు? హాలు పోయింది. కాటా పోయింది. లారీ ఎక్కటానికి దారి లేక బస్తాలు రోడ్డు మీద నుంచి మోయిస్తున్నా. అసలు నేను నిన్నేం చేశా?"

అతని మొహం చూశాను. అబద్ధం లేదు. పాడె ఆగిన రోజు ఆ మాట అన్నట్టు అతనికి నిజంగానే గుర్తు లేదు. అది నాకు అన్నిటికంటే ఎక్కువ మంట పుట్టించింది. చెప్పేస్తే క్షమించమని అడుగుతాడు, నలుగురిలో దండం పెడతాడు, నేను కాదనలేను. అందుకని చెప్పలేదు.

"నువ్వే గుర్తు తెచ్చుకో అబ్బాయ్," అన్నాను.

"పొట్టు దుమ్ము మీ వసారాలోకి వస్తోందనా?"

"కాదు."

"మీ నిమ్మచెట్టు మా లారీ తగిలి విరిగింది. అదా? ఆ డ్రైవర్ని అప్పుడే తిట్టా పిన్నీ."

చెట్టు గాలివానకి విరిగిందని నేను రాసుకున్నాను. తప్పు రాసుకున్నానన్నమాట. "కాదు," అన్నాను.

అతను గొంతు తగ్గించాడు. "కుళాయి సంగతి నీకు ఎవరు చెప్పారు? ఎండాకాలం రెండు నెలలే మెయిన్ పైపుకి మోటారు బిగించా. మిల్లులో ఇరవై మందికి నీళ్లు కావాలి కదా. అందరూ చేసేదే."

ఏప్రిల్, మే నెలల్లో మా కుళాయి రోజుకి పదకొండు నిమిషాలకు మించి రాలేదు. అంతకుముందు ముప్పావుగంట వచ్చేది. పైపు పాతబడిందని ప్లంబరుని పిలిపించాను, రెండుసార్లు తవ్వించాను. తేదీలతో సహా అన్నీ ఉన్నాయి.

"అది కూడా కాదు. ఇంకా ఆలోచించి వచ్చే ఆదివారం రా," అన్నాను.

అతను వెళ్లాక మేస్త్రీని పిలిచి, మెయిన్ పైపుకి మోటారు బిగించి తీసేస్తే ఆనవాళ్లు ఎన్నాళ్లు ఉంటాయని అడిగాను. పైపు అతికిన సాకెట్ జాయింటు చెప్పేస్తుంది పెద్దమ్మా, చూసి వస్తానన్నాడు. అతను బయటికి వెళ్లగానే నేను తెల్లకాగితం తీసి, పైన కుడివైపు తేదీ వేశాను.