ఆపా ఎవరి కాళ్లూ మొక్కలేదు

ఏ పని చేసినందుకు ఆపాను ఐసీయూ నుంచి కిందికి పంపారో, ఆమె చనిపోయిన నెలకే ఆ పనిని బొమ్మ వేయించి పంజాగుట్ట చౌరస్తాలో నిలబెట్టారు మా ఆస్పత్రివాళ్లు. ఆస్పత్రి పేరు రాయను, రాస్తే ఇది అచ్చు కాదు. హోర్డింగ్ మీరు చూసే ఉంటారు. తెల్ల యూనిఫాంలో ఒక మోడల్ అమ్మాయి వంగి పెద్దాయన పాదాలు ముట్టుకుంటోంది. కింద ‘మీ పాదాల చెంత మా సేవ’ అని రాసుంది. ఆ పని మా ఆపాది. దొంగిలించడం కూడా సరిగ్గా చేతకాలేదు వాళ్లకు.

ఆపా అంటే ఉర్దూలో అక్క. గుండె ఐసీయూకి ఆమె ఇన్‌ఛార్జి సిస్టర్. ఊడ్చే ఆయమ్మ నుంచి సర్జన్ దాకా అందరికీ ఆపానే. జ్వరమని సెలవు పెట్టి వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. పోయిందని వాళ్ల తమ్ముడు ఐసీయూ ల్యాండ్‌లైన్‌కే ఫోన్ చేశాడు. అప్పుడు నేను ఒక పేషెంటుకు మందు ఎక్కిస్తున్నాను. చేతిలో పని ముగించాకే ఏడ్చాను. అట్లా నేర్పింది ఆమే.

నేను ఉద్యోగంలో చేరిన కాలంలో అమీర్‌పేటంతా కోచింగ్ బోర్డులే. ఎస్.ఆర్. నగర్ హాస్టల్‌లో నా గదిలో ఉన్నవాళ్లంతా జావా నేర్చుకునేవాళ్లు. ‘‘నీది సుత స్క్రీన్ ముందు ఉద్యోగమే గదనే, మాకంటే ముందే కొట్టినవ్’’ అని ఆటపట్టించేవాళ్లు. నేనూ అదే అనుకున్నాను. నర్సింగ్ చదివానన్న మాటే గానీ, మా కాలేజీలో చెప్పే దిక్కు లేదు. పాత పుస్తకాల బండి మీద కొన్న పుస్తకం ముందేసుకుని ఈసీజీ గీతలు నాకు నేనే చదువుకున్నాను. అందుకే మొదటి రోజు మంచం దగ్గరికి పోగానే తలెత్తి మానిటర్ చూశాను. వెనక నుంచి ఆపా గొంతు.

‘‘ఏం చూస్తున్నవ్ బేటా?’’

‘‘హార్ట్ రేట్, ఆపా.’’

‘‘గా టీవీ ఎటూ పోదు. జర మనిషిని చూడు. సాక్స్ తియ్యి.’’

పేషెంటు సాక్స్ తీశాను. కాలు పట్టుకోబోతే నా చేతి మీద ఒకటి వేసింది.

‘‘ముందుగాల చేతులు రుద్దుకో. ఏసీల నీ చేతులే మంచుగడ్డల లెక్క ఉన్నయ్. చల్లగున్నది నువ్వా, ఆయననా, ఎట్ల తెలుస్తది?’’

గుండె బలంగా కొడుతుంటే వెచ్చదనం కాలి వేళ్ల దాకా వస్తుంది. గుండె డస్సిపోతే ముందు చల్లబడేవి ఆ వేళ్లే. తొడ దగ్గరి రక్తనాళంలోంచి గుండెకు తీగ పంపినవాళ్లకైతే, పాదం మీద నాడి కొడుతోందో లేదో మాటిమాటికీ చూడాలి. ఇది ఆపా కనిపెట్టింది కాదు, నర్సింగ్ పుస్తకాల్లో ఉన్నదే. ఆమె మానలేదు, అంతే. డ్యూటీకి రాగానే ప్రతి మంచం దగ్గరా అరచేతులు రుద్దుకుని, రెండు పాదాలనూ చెరో చేత్తో పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడేది. చూసేవాళ్లకు దండం పెడుతున్నట్టే ఉండేది.

కాకినాడ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అదే అనుకుంది. ఆవిడ భర్తకు బైపాస్ అయింది. ఆపా ఆయన పాదాలు పట్టుకోగానే ఈవిడ కళ్లనీళ్లు పెట్టుకుని, ఆపా తల మీద చెయ్యి వేసి ‘‘దీర్ఘ సుమంగళీ భవ’’ అంది. మేం నవ్వు ఆపుకోలేక తెర చాటుకు పోయాం. ఆపా అసలు పెళ్లే చేసుకోలేదు.

‘‘దానికి ముందు మొగుడు కావాలె గదమ్మా. మీరే ఒక మంచి సంబంధం చూడరాదు?’’ అంది ఆపా, కళ్లు తెరవకుండానే.

‘‘అయ్యో, ఏమీ అనుకోకండి సిస్టర్ గారూ. ఇంత మంచివారికి ఇంకా కాలేదా ఏంటి?’’ అని ఆవిడ కంగారుపడింది. డిశ్చార్జి రోజు లిఫ్టు దాకా వెళ్లి వెనక్కి వచ్చి, ‘‘మా వైపు ఒకాయన ఉన్నాడు గానీ, మీవాళ్లు కాదండీ’’ అని చెప్పి వెళ్లింది. ఆ మాట తలచుకుని ఆపా చాలా రోజులు నవ్వింది.

నవ్వనివాడు ఒకడొచ్చాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద మేనేజర్. ‘‘మా నాన్నకి ట్రీట్‌మెంట్ చెయ్యమంటే కాళ్లు మొక్కుతోందేంటి? టిప్పు కోసమేగా?’’ అని పై ఆఫీసులో ఫిర్యాదు పెట్టాడు. వాళ్ల కంపెనీ హెల్త్ చెకప్‌లన్నీ మా ఆస్పత్రికి రావలసి ఉన్నాయి. ఆపాను పిలిపించారు. నేనూ వెంట వెళ్లాను. కాళ్లు ఎందుకు పట్టుకుంటామో ఆపా చెప్పింది, నేనూ చెప్పాను. హెచ్‌ఆర్ మేడమ్ అంతా విని, ‘‘చూడ్డానికి బాగోదు సిస్టర్. బక్షీష్ అడిగినట్టుంటుంది’’ అంది. మెమో చేతిలో పెట్టి, కింద హెల్త్ చెకప్ కౌంటర్‌లో బీపీ చూసే పనికి పంపారు. ఆపా చేతుల్లో పేషెంట్లను వదిలి నిశ్చింతగా ఇళ్లకు పోయిన సర్జన్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. మెమో కంటే అదే నాకు ఎక్కువ మండింది.

టీ వేళకు కిందికి దిగి చూసేదాన్ని. మెడలో కంపెనీ ట్యాగులు వేసుకున్న కుర్రాళ్ల చేతులకు బీపీ పట్టీ చుడుతుండేది.

‘‘ఫికర్ చెయ్యకు. వీళ్లు తినే తిండికి, కూసునే కూసునుడుకు, ఎప్పుడో ఒకప్పుడు నీ తానకే పైకొస్తరు’’ అనేది. ‘‘నువ్వు మాత్రం చేతులు రుద్దుకునుడు మానకు.’’

బల్కంపేటలో ఒక సందులో ఆపా వాళ్ల ఇల్లు. పోయిందని ఫోన్ వచ్చిన రోజు డ్యూటీ దిగి యూనిఫాంతోనే వెళ్లాను. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని ఉన్నారు. నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను. తెలియకుండానే అరచేతులు రుద్దుకున్నాను. దుప్పటి అంచు జరిపి పాదాలు పట్టుకున్నాను.

‘‘కాళ్లు మొక్కొద్దు బేటా, మాదాంట్ల అట్ల చెయ్యరు’’ అంది ఆపా వాళ్ల పిన్ని.

‘‘మొక్కుతలేను ఖాలా. చూస్తున్న.’’

నేను చాలాసేపు వదల్లేదు. ఆ చల్లదనం నా చేతులది కాదు.

ఇప్పుడు ఆ బొమ్మను కాస్త ఆగి చూడండి. పెద్దాయన కాళ్లకు తెల్ల సాక్స్ ఉన్నాయి. మోడల్ వేళ్లు వాటి మీద ఆనీ ఆననట్టున్నాయి. సాక్స్ మీద నుంచి ఏ నాడి తెలుస్తుంది? పోయిన వారం కొత్తగా చేరిన పిల్లలకు ట్రైనింగ్ ఇచ్చారు. పేషెంటు రాగానే వంగి, పాదాలు ముట్టుకుని, నవ్వాలట. ‘‘పల్స్ కూడా చూడాలా మేడమ్?’’ అని ఒక అమ్మాయి అడిగింది. ‘‘అవసరం లేదమ్మా, బోర్డులో ఉన్నట్టు చేస్తే చాలు’’ అంది అదే హెచ్‌ఆర్ మేడమ్. రేపు ఆ అమ్మాయి చేతుల కింద ఒక కాలు చల్లబడుతుంటే, ఆమె నవ్వుతూ ఉంటుంది.

మేనేజ్‌మెంట్‌కు చెబుతున్నాను. ఆ బొమ్మ దింపండి. టిప్పు కోసం కాళ్లు మొక్కిందన్న మాట తప్పని, పొద్దున డ్యూటీ మారేటప్పుడు ఐసీయూలో, కొత్త పిల్లలందరూ వినేలా చెప్పండి. ఆ సర్జన్లు కూడా అక్కడ నిలబడాలి. ఇది రాసినందుకు నన్నూ కింది కౌంటర్‌కు పంపుతారేమో, పంపండి. ఇది అచ్చయిన ఆదివారం నుంచి మళ్లీ ఆదివారం దాకా మీకు గడువు. అప్పటిదాకా రోజూ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బస్సు కిటికీలోంచి ఆ తెల్ల సాక్స్‌నే చూస్తూ పోతాను. సోమవారం పొద్దున అవి నాకు కనబడకూడదు.