ఇంజను పాదాలకు పసుపు

విడవలూరు బజారులో ఖాజా మొహిద్దీన్ పెట్రోమాక్సు లైట్లు బాగుచేసేవాడు. అవి లేని రోజుల్లో కుట్టు మిషన్లు చూసేవాడు. మెత్తటి మనిషి. ఒకరిని పల్లెత్తు మాట అనడు. ఎదుటివాడు లైటును తలకిందులుగా పట్టుకొచ్చినా, అది వాళ్లింటి పద్ధతేమో అనుకుని తనే తిప్పి పెట్టుకునేవాడు. ఊరంతా అతన్ని మెచ్చుకునేది ఈ గుణానికే. ఇంట్లో జాన్‌బీ మాత్రం మెచ్చుకునేది కాదు. "నోరు అన్నం తినేదానికేనా నీకు?" అనేది.

అరవై నాలుగులో సముద్రం ఒడ్డునున్న పల్లెపాలెం సొసైటీకి సర్కారు వాళ్లు ఒక ఇంజను ఇచ్చారు. పడవ వెనక తగిలించే రకం. పైన తల, మధ్యలో మెడ, కింద నీళ్లలో మునిగే కాలు, ఆ కాలికి రెక్కలు. ఒక ఆఫీసరు వచ్చి మూడు రోజులు ఇంగ్లీషులో పాఠం చెప్పాడు. పల్లెపాలెం శ్రద్ధగా విని, ఆయనకు వంజరం పులుసు పెట్టి, బస్సెక్కించి, ఆ బస్సులోనే సాయిబుకు కబురు పంపింది. లైట్లో పోసేదీ నూనే, ఇంజన్లో పోసేదీ నూనే కదా, ఇంకెవర్ని పిలుస్తారు!

మొహిద్దీన్ వచ్చి ఇంజను విప్పాడు. విప్పిన ముక్కల్ని విప్పిన వరుసలోనే తువ్వాలు మీద పరిచాడు. సాయంత్రానికి మళ్లీ బిగించాడు. తువ్వాలు మీద ఒక్క మర కూడా మిగల్లేదు. అది చూసి సొసైటీ ప్రెసిడెంటు పద్మనాభయ్య, ఇక నెలకోసారి వచ్చి చూసిపొమ్మన్నాడు.

ఇంజను నడిపేది హజరత్తయ్య. దాన్ని సాకేది అతని భార్య రాఘవమ్మ. సాకడమంటే మాటవరసకు అన్నది కాదు. ఉప్పునీళ్లలో తిరిగొచ్చిన ఇంజను కాలిని మంచినీళ్ల పీపాలో దించి, పది నిమిషాలు ఆడించాలి. కాలి దగ్గరుండే జల్లెడ సందుల్లోంచి నీళ్లు లోపలికెళ్లి, ఒళ్లంతా తిరిగి, వెనక బొక్కలోంచి ధారగా బయట పడతాయి. ధార పడుతున్నంతసేపూ లోపల చల్లగా ఉన్నట్టు. అది ఆగితే ఇంజను వేడెక్కి బిగుసుకుపోతుంది. ఆ పీపా నిండాలంటే ఇసకలో తవ్విన చెలమ నుంచి పద్నాలుగు కడవలు మోయాలి. మొదటి వారం రాఘవమ్మ ఇంజనును శాపనార్థాలు పెడుతూ మోసింది. రెండో వారం ఉత్తినే మోసింది. మూడో వారానికి ఇంకెవరన్నా కడవ ముట్టుకుంటే ఒప్పుకోలేదు.

స్నానమైన ముత్తయిదువకు పాదాలకు పసుపు రాయరా? రాఘవమ్మ ఇంజనుకూ రాసింది. మొగుణ్ణి నీళ్ల మీదికి తీసుకెళ్లి మళ్లీ ఒడ్డుకు చేర్చేది ఆ కాలే కదా. కానీ పొద్దున పెట్టిన పసుపు సాయంత్రానికి సముద్రంలో కడుక్కుపోయేది. ఆమెకది నచ్చలేదు. తెలివిగలది కావడాన, పడవ సందులు పూడ్చడానికి కాచే గుగ్గిలం నూనెలో పసుపు కలిపింది. ఈసారి చెక్కు చెదరలేదు.

మొహిద్దీన్ పుష్యమాసంలో వచ్చినప్పుడు ఇంజను కాలు పచ్చగా ఉండడం చూశాడు. జల్లెడ దాకా ఉండడమూ చూశాడు. ఇది పనికిరాదని అతని లోపల ఒకటి అంది. వాళ్ల దేవుడు, వాళ్ల పసుపు, సాయిబును, చెప్పడానికి నేనెవర్ని అని ఇంకొకటి అంది. ఎప్పటిలాగే రెండోదే గెలిచింది. ప్లగ్గు మసి గీకి, కీళ్లకు గ్రీజు పెట్టి, టీ తాగి వెళ్లిపోయాడు.

మాఘంలో కవళ్ల చేపలు గుంపులుగా ముసిరాయి. అంత చేపను పల్లెపాలెం పదేళ్లలో చూడలేదు. రోజుకు ఒకసారి వేటకు వెళ్లాల్సిన పడవ రెండుసార్లు వెళ్లింది. అలా ఇరవై రోజులు. పీపా దగ్గర కూర్చుని ధార చూడాల్సిన హజరత్తయ్య, వల మీదే పడి నిద్రపోయేవాడు. రాఘవమ్మ మాత్రం ఒక్క రోజు తప్పకుండా కడిగింది, ఒక్క రోజు తప్పకుండా రాసింది. మొహిద్దీన్ నెలనెలా రావడం మొదలుపెట్టి అది ఆరో నెల. రావాల్సిన రోజున ఊళ్లో ఎవరిదో పెళ్లి లైట్లున్నాయని రాలేదు.

ఇరవై ఒకటో రోజు హజరత్తయ్య పడవ తిరిగి రాలేదు.

ఇంజనొచ్చాక తెరచాప దేనికని దాన్ని ఇంటి ముందు పందిరికి కప్పుకున్నారు. తెడ్లు రెండే ఉన్నాయి. రాఘవమ్మ ఆ పందిరి కింద కూర్చోలేక, ఒడ్డున నిలబడే ఉంది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మొహిద్దీన్ కబురు తెలిసి వచ్చాడు, ఆమెకు ఎదురుపడే ధైర్యం చాలక పడవల చాటున నిలబడ్డాడు. పచ్చటి కాలు కళ్లల్లో కదులుతూనే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం హజరత్తయ్య కావలి బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. నీటివాలు పడవను ఉత్తరానికి ఈడ్చుకుపోయి రామాయపట్నం దగ్గర ఇసకలో పడేసింది. పెదాలు పగిలి నెత్తురోడుతున్నాయి. తువ్వాలు తప్ప ఒంటిమీద ఏమీ మిగల్లేదు. కండక్టరు మంచివాడు కాబట్టి కూర్చోనిచ్చాడు.

పడవను తెచ్చాక మొహిద్దీన్ ఇంజను విప్పాడు. చుట్టూ పల్లె మొత్తం నిలబడింది. జల్లెడ సందులు గోడకు మెత్తినట్టు మూసుకుపోయి ఉన్నాయి, పచ్చగా, గట్టిగా. వేలితో గీకితే రాలేదు.

"ఏంది సాయిబూ, ఏమైంది?" అన్నాడు పద్మనాభయ్య.

రాఘవమ్మ మొగుడి భుజం పట్టుకుని నిలబడి ఉంది. మూడు రోజుల తర్వాత అప్పుడే కాస్త ఊపిరి పీల్చుకుంటోంది. నీ చేత్తో నువ్వే చంపబోయినావు అని ఆమెకు ఎలా చెప్పాలి? మొహిద్దీన్ అరచేతిని జల్లెడకు అడ్డం పెట్టాడు.

"నాదే తప్పయ్యా. నీళ్లు తోడే రబ్బరు రెక్కను పోయినసారి తిరగేసి బిగించినా."

అందరూ నమ్మారు. నమ్మక ఏం చేస్తారు, లోపల రబ్బరు రెక్క ఉందన్న సంగతే వాళ్లకు అప్పుడు తెలిసింది. ఇంజనును బాగుచేసి ఇచ్చేసి ఇక ఈ ఛాయలకు రావద్దన్నాడు పద్మనాభయ్య. మొహిద్దీన్ నాలుగు రోజులు నూనె పోసి నానబెట్టి, బిగుసుకున్నదాన్ని కదిలించి, సందులు గీకి, ఇంజనును బతికించి తలొంచుకుని ఇంటికొచ్చాడు.

జాన్‌బీకి జరిగింది చెప్పాడు. ఆమె వింటూ వింటూ చేతిలో చేట కింద పెట్టింది.

"బాగుంది. రేపు ఆమె మళ్లీ రాయదా?"

 అంత పుణ్యం చేశానని లోలోపల పొంగిపోతున్న మొహిద్దీన్‌కు ఈ ముక్క తట్టనే లేదు. తెల్లారగానే పల్లెపాలేనికి బయలుదేరాడు.

రాఘవమ్మ పీపా దగ్గరే ఉంది. గిన్నెలో పసుపు కలుపుతోంది. మొహిద్దీన్ జేబులోంచి గీకి దాచిన పచ్చటి పెచ్చు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "రబ్బరు కాదమ్మా," అన్నాడు.

ఆమె పెచ్చును చూసింది. ఇంజను కాలును చూసింది. గోటితో గిల్లి వాసన చూసింది. గిన్నె చేతిలోంచి జారి ఇసకలో పడింది. సాయిబు వైపు తిరిగింది.

"నీకెప్పుడు తెలుసన్నా?"

"పుష్యమాసంలోనే చూసినా."

"చూసి?"

"మీ పూజ కదమ్మా. నేను సాయిబును. ఎట్టా చెప్పేదని…"

రాఘవమ్మ కళ్లనిండా నీళ్లు. గొంతు మాత్రం లేచింది. "మా ఆయన పేరేంది? చెప్పు."

"హజరత్తయ్య."

"మా అత్తకు ముగ్గురు బిడ్డలు పురిట్లోనే పోయినారు. మీ దర్గా వాకిట్లో మూడు శుక్రవారాలు పొర్లి దండాలు పెడితే నిలిచిన బిడ్డ ఆయన. ఆ పొద్దు మీ వాళ్లు, చేపలోళ్ల బిడ్డ మాకెందుకులే అనుకోలా. నెమలీకతో ఇసిరి, తాయెత్తు కట్టి, పేరు పెట్టి పంపించినారు. నీకు ఒక్క మాట చెప్పేదానికి నోరు రాలేదా అన్నా?"

మొహిద్దీన్ సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, వలలు అల్లుకుంటున్న మగవాళ్ల వైపు నడిచింది. ఏం చెప్పబోతోందో అతనికి అర్థమైంది. వెనకాలే పరుగెత్తాడు. రెండుసార్లు చెప్పులు ఊడాయి. మూడోసారి వాటిని అక్కడే వదిలేశాడు. ఆమె నోరు తెరిచేలోపు అందుకున్నాడు.

"రబ్బరు సంగతి అబద్ధం. సందులు మూసింది పసుపు. ఆమెకు తెలవదు. నాకు తెలుసు, తెలిసి నోరు మూసుకున్నా."

"రాసింది నేనే," అంది రాఘవమ్మ, గట్టిగా.

పద్మనాభయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఎవరిని ముందు తిట్టాలో తేల్చుకోలేక బీడీ ముట్టించాడు.

హజరత్తయ్య పెదాలింకా మానలేదు. వల పక్కన పెట్టి లేచాడు. "రెండు రోజులు నడి సముద్రంలో కూచుని ఇంజనును అమ్మనా బూతులు తిట్టినా," అన్నాడు. "పాపం దాన్ని." తర్వాత భార్య దగ్గరకెళ్లి ఆమె అరచేతిలోని పెచ్చు తీసుకుని ఇసకలోకి విసిరేశాడు.

అప్పుడు సాయిబు వైపు తిరిగాడు.

"ఇకమీదట దీని మీద నీకేం కనపడినా చెప్పన్నా. పసుపు కానీ, పేడ కానీ. నాకు కోపమొస్తదనుకోబాక. కోపం తెచ్చుకునేదానికైనా నేను ఇంటికి రావాల గదా."

మొహిద్దీన్ అందరి ముందూ వలల మధ్య కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.